వెనక్కి నడిచిన పేజీలు

శుక్రవారం పగలు ఒంటిగంట దాటింది. నాలుగింటికల్లా ఫ్యాక్టరీ కార్మికుడు చిన్నరాములును సంగారెడ్డిలో మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత రిమాండు. హత్యకేసులో ఒకసారి లోపలికి పోయి వచ్చినవాణ్ణి ఏ ఫ్యాక్టరీ గేటూ మళ్ళీ రానివ్వదని పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు చేసే ప్రతివాడికీ తెలుసు. అంటే కొమురయ్య చేతిలో మూడు గంటలకన్నా తక్కువే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినవాడికి కాస్త కంగారు పుట్టాలి కదా, అది మాత్రం పుట్టలేదు.

కొమురయ్య పోలీసుశాఖలో వేలిముద్రల విభాగంలో హెడ్ కానిస్టేబులుగా రిటైరై, సంగారెడ్డిలో ఒక జిరాక్సు షాపు మీద డిటెక్టివ్ ఆఫీసని బోర్డు పెట్టుకున్నాడు. నాలుగు నెలల కింద భార్య రాజవ్వ పోయింది. అప్పటినుంచి అతనికి అన్నంలో ఉప్పుందో లేదో తెలియడం లేదు. ఏడవలేదు కూడా. గుండె ధైర్యం గల మనిషని బంధువులు మెచ్చుకున్నారు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. లోపల మొద్దుబారిపోయింది, అంతే.

పోలీసు స్టేషన్ వరండాలో బెంచీ మీద చిన్నరాములు భార్య సత్తెమ్మ కూర్చుని ఉంది. ఏడవాల్సిందంతా నిన్ననే ఏడ్చేసినట్టుంది, గోడకేసి చూస్తూ ఉండిపోయింది. పక్కన పోచయ్య. పాశమైలారంలో కంపెనీల కాలుష్యం మీద అర్జీలు రాయించి ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టించే పెద్దమనిషి ఆయన. సత్తెమ్మను మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుని కొమురయ్య ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది కూడా ఆయనే.

కేసు చూడబోతే నాలుగు ముక్కల్లో తేలిపోయేదే. పాశమైలారంలో తాజ్ మొహమ్మద్ అని రిటైరైన ఉర్దూ మాస్టరు ఉన్నాడు. ఆయనకు ఒకటే పిచ్చి. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నిటినీ చెదలు తినేలోపు పేజీ పేజీ డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి సీడీల్లోకి ఎక్కించాలి. నిన్న గురువారం పగలు, ఆ ఫోటోలు తీసే గదిలోనే, పుస్తకాల మీద బరువు పెట్టుకునే రెండు కిలోల తూకపు రాయితో ఎవరో ఆయన తలమీద కొట్టి చంపారు. పన్నెండున్నరకు పక్కింటాయన తొంగిచూస్తే శవం పక్కన మోకాళ్ళ మీద చిన్నరాములు కనిపించాడు. చొక్కా నిండా రక్తం. ఎందుకొచ్చావురా అంటే నోరు విప్పడు.

లాకప్ ఊచల దగ్గర కొమురయ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"గేటు బయటికి ఎన్నింటికొచ్చినవ్?"

"పన్నెండూ అయిదుకు. పంచింగ్ కార్డు ఉంటది సార్."

"అంతకుముందు?"

"పొద్దుగాల ఆరింటి సంది లోపల్నే ఉన్న. రియాక్టర్ కాడ. గేట్ పాస్ తీస్కొని వచ్చిన."

"మాస్టరింటికి?"

"సైకిల్ మీద పోయిన. పన్నెండూ ఇరవై అయి ఉంటది."

"ఎందుకు పోయినవ్?"

చిన్నరాములు తల దించుకున్నాడు. కొమురయ్య లేచాడు. "చెప్పకుంటే నాకేం పోదు బిడ్డా. ఇంటికి పోయి పండుకుంట" అన్నాడు. అందులో బెదిరింపేమీ లేదు. నిజంగానే ఇంటికి పోయి పడుకుందామనిపించింది. ఆ మాట ఎంత నిజమో వినగానే చిన్నరాములుకు తెలిసిపోయింది. ఊచలు పట్టుకున్నాడు.

"సార్, జెర ఆగుండ్రి. రిజిస్టర్ కోసం పోయిన. ట్యాంకర్ల రిజిస్టర్."

"ఏం ట్యాంకర్లు?"

"మా కంపెనీల వాడిన యాసిడ్ నీళ్ళు ట్యాంకర్లల్ల వోసి, ఏ దినం, ఎన్నింటికి వాగుల ఇడిసిండ్రో అన్నీ అండ్ల రాసుంటది. బుధారం షిఫ్టు అయినంక అంగీల పెట్టుకొని తెచ్చిన. మాస్టర్ సాబ్ అన్ని పేజీలు ఫోటో తీసి, సీడీ జేసి, కెమెరాలయి తుడిపేసి, ఆ సీడీ నా చేతుల పెట్టిండు. రెండు పేజీలు మసకొచ్చినయ్, రేపు మళ్ళ తీస్త అని పుస్తకం ఉంచుకుండు. నిన్న రెండింటికి సెక్యూరిటీ చెకింగ్. ఆలోపు జాగల పెట్టాలె. నేను పోయేసరికి సాబ్ పడిపోయి ఉండు. లేపబోయిన. రిజిస్టర్ లేదు."

"రిజిస్టర్ తెచ్చినట్టు ఎవరెవరికి తెలుసు?"

"సాబ్‌కి, నాకు, పోచన్నకి. హైకోర్టుల కేసు ఏద్దాం తెమ్మని అడిగిందే పోచన్న గద. ఇప్పుడు నేనిది చెప్తే కంపెనీవోళ్ళు దొంగతనం కేసు గూడ పెడ్తరు సార్."

పాత పోలీసు అలవాటు కొద్దీ పోచయ్య సంగతి కొమురయ్య పొద్దున్నే ఆరా తీశాడు. నిన్న పన్నెండూ పది నుంచి రెండింటి దాకా పంచాయతీ ఆఫీసులో ఇరవైమంది మధ్య కూర్చుని అర్జీ చదివి వినిపించాడు. హత్య పన్నెండు తర్వాతే జరిగిందని పోలీసులు తేల్చారు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

"సీడీ యాడుంది?"

"మా ఇంట్ల. బియ్యం డబ్బాల. సత్తెమ్మకు ఎర్కే."

కొమురయ్య వరండాలోకి వచ్చాడు. చిన్నరాములు ఆ ఇంటికి ఎందుకు వెళ్ళాడో చెప్పే సాక్ష్యం ఆ సీడీ ఒక్కటే. "చెల్లె, ఇస్నాపూర్‌ల మీ ఇంటికి పోయి బియ్యం డబ్బాలున్న సీడీ తీస్కొని జల్దీ మాస్టరింటికి రా" అన్నాడు.

పోచయ్య అప్పటికే బండి తాళంచెవి తీశాడు. "నేను తోల్కపోయి తోల్కస్త. అరగంట పని."

"మంచిది" అన్నాడు కొమురయ్య. అంతకు మించి ఆలోచించలేదు. అతని వాచీలో ఒకటీ నలభై. మాట్లాడాల్సి వస్తే చేయమని, తన ఇంటి ఓనరు రాధమ్మ ఫోను నంబరు చీటీ మీద రాయించి ఇచ్చి సత్తెమ్మ బండి ఎక్కింది.

మాస్టరింటికి ఆటోలో చేరేసరికి రెండుంబావు. మగవాళ్ళంతా మాస్టరు జనాజా మోసుకుని కబరస్తానుకు వెళ్ళారు. ముందుగదికి వీధివైపు ఒక తలుపు, ఇంట్లోకి ఒక తలుపు. ఇంట్లోకి పోయే తలుపుకు మందపాటి ఆకుపచ్చ పరదా. అక్కడొక ఎత్తుపీట. గదిలో బల్ల మీద వడ్రంగి చేసిన కొయ్య స్టాండు, దాని చేతికి కిందికి చూసేలా కెమెరా బిగించే మర, రెండు ట్యూబులైట్లు, పేజీని చదునుగా అణచడానికి అద్దంపలక. అద్దంలో నీడ పడకుండా వెనక నల్లగుడ్డ. బల్ల మీద పండ్లతోటల పెంపకం మీద ఉర్దూలో అచ్చయిన లావుపాటి పాత పుస్తకం తెరిచి ఉంది. నేలమీద సున్నంతో గీసిన మనిషి ఆకారం.

ఎస్.ఐ. శ్రీహరి కుర్చీలో కూర్చుని పంచనామా రాస్తున్నాడు. ముప్పై ఏళ్ళుండవు. తెలివైనవాడే, ఆ సంగతి ఆయనకు కాస్త ఎక్కువగానే తెలుసు.

"ఏం కొమురయ్యా, రిటైరై ఇన్నేండ్లయినా ఖాకీ వాసన వదల్తలేదా?"

"వదిలింది సార్. ముక్కే పనిచేస్తలేదు."

"సరసాలొద్దు. నాలుగింటికి కోర్టుకు పోవాలె నేను. కేసు అయిపోయింది. ఇగో కెమెరా. ప్రతి ఫోటో మీద టైముంది. ఆఖరి ఫోటో పన్నెండూ రెండుకు. అంటే పన్నెండూ రెండుకు మాస్టరు బతికే ఉన్నడు. నీ చిన్నరాములు పన్నెండూ అయిదుకు గేటు దాటిండు, పన్నెండున్నరకు రక్తంతోని దొరికిండు. నడుమ వేరే మనిషిని ఎవ్వరు చూడలే. ఇంకేం కావాలె?"

"కెమెరా గడియారం సరిగుందా సార్?"

"నా వాచీతోని చూసిన. నిమిషం తేడా లేదు. నన్ను పిల్లగాడనుకుంటున్నవా?"

"అనుకుంటలేను. ఒక్కపారి చూడనియ్యుండ్రి. మీ చేతులనే ఉంచండి, నేను ముట్ట."

శ్రీహరి విసుగ్గానే బటన్ నొక్కుతూ పోయాడు. అరచేయంత తెరమీద ఒక్కో ఫోటోలో తెరిచిన పుస్తకం, రెండేసి పేజీలు. కొమురయ్యకు ఉర్దూ రాదు. అతను కిందనున్న టైములే చూశాడు. పదీ యాభైనాలుగుకు మొదలు. పదకొండూ పద్నాలుగు దాకా యాభైతొమ్మిది ఫోటోలు. నిమిషానికి మూడు, మిషన్ కుట్టినట్టు. ఆ తర్వాత పన్నెండు నిమిషాలు ఒక్కటీ లేదు. పదకొండూ ఇరవైఆరుకు మళ్ళీ మొదలు. అక్కడినుంచి ఒకటి నిమిషానికి, ఇంకొకటి నాలుగు నిమిషాలకు, మరొకటి రెండు నిమిషాలకు. ముప్పైఆరు నిమిషాల్లో పద్దెనిమిదే.

"చెయ్యి మారింది సార్."

"ముసలాయన. అలిసిపోయిండు."

"అలిసిపోయినోడు ఆపుతడు. గిట్ల ఆగుకుంట ఆగుకుంట నలభై నిమిషాలు ఎందుకు తీస్తడు? వేరే ఏదో పని చేసుకుంట నడుమ నడుమ వచ్చి నొక్కినట్టుంది."

"ఉంది, అనిపిస్తది, అయి ఉంటది. కోర్టుల గివి నడుస్తయా? నీ కాలంల నడిచెనేమో."

ఒకప్పుడైతే ఆ మాటకు కొమురయ్య చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు ఏమీ కాలేదు. "మాస్టరు భార్యకు కెమెరా చూపెడ్దాం సార్" అన్నాడు.

"కుదరది. అది కేసు సొత్తు."

"కేసు సొత్తే. మరి ఈ కెమెరా మాస్టరుదేనని మీ పంచనామాల ఎవరు గుర్తుపట్టిండ్రు? ఆ గీత ఖాళీగ ఉంది. రేపు డిఫెన్సు వకీలు మొదటి ప్రశ్న గదే అడుగుతడు."

శ్రీహరి కాగితం చూసుకున్నాడు. గీత ఖాళీగానే ఉంది. పళ్ళు కొరుక్కున్నాడు కానీ కెమెరా ఇచ్చాడు.

భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది, పరాయి మగవాడి ఎదుటికి రాదు. రహీమున్నీసా పరదా వెనక నేలమీద కూర్చుని ఉంది. తోడుగా ఆమె ఆడబిడ్డ ఖమరున్నీసా. కొమురయ్య పరదా ఇవతల నేలమీదే కూర్చుని, కెమెరాను పరదా కింద నుంచి లోపలికి జరిపాడు.

"అమ్మా, ఇది సాబ్‌దేనా?"

"ఆయనదే భాయ్ సాబ్." ఆ గొంతులో తడిలేదు. ఎవరికో దారి చెప్తున్నట్టు ఉంది. ఆ గొంతు కొమురయ్యకు తెలుసు. నాలుగు నెలలుగా తన నోట్లోంచి వస్తున్నదీ అదే. "రోజూ మగ్రిబ్ నమాజు అయినంక ఇది నా చేతికిస్తడు. నేను పేజీ నంబర్లు పైకి చదువుత. ఆయన కాగితం మీద టిక్కు కొడ్తడు. ఏ పేజీ తప్పిపోయినా నేనే పట్టుకుంట. నేనూ పిల్లలకు ఉర్దూ చెప్పినదాన్నే కదా, కండ్లు ఊరికే ఉండవు."

"నిన్నటియి చదవలేదు కదమ్మా. ఇప్పుడు చదువు."

పరదా వెనక బటన్ టిక్కుటిక్కుమంది. రెండు, మూడు. నాలుగు, అయిదు. ఆమె ఒక్కో అంకె చదువుతోంది. గదిలో శ్రీహరి గడియారం చూసుకున్నాడు, రెండూ నలభై. నూటపదహారు, నూటపదిహేడు. నూటపద్దెనిమిది, నూటపంతొమ్మిది.

బటన్ ఆగింది.

"భాయ్ సాబ్, తర్వాతది మళ్ళ నూటపదహారు."

"ఇంకా?"

"నూటపద్నాలుగు. నూటపన్నెండు. నూటపది." ఆమె ఆపకుండా చివరిదాకా నొక్కుకుంటూ పోయింది. "ఎనభైరెండు, అయిపోయింది. ఇవి వెనక్కి పోతున్నయ్. తీసిన పేజీలే మళ్ళ తీసిండ్రు. మా సాబ్ ఇట్ల తియ్యడు. నలభై ఏండ్లు ఉర్దూ చెప్పిన మనిషి."

శ్రీహరి కలం పక్కన పెట్టాడు. "వెనక్కి పోవుడేంది?"

కొమురయ్య లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఈ పుస్తకంల తర్వాతి పేజీ తియ్యండి."

శ్రీహరి చేయి ఆలోచించకుండానే కుడివైపు ఆకు మీదికి వెళ్ళింది. ఆకు ఎత్తి ఎడమకు వేశాడు.

"చూసిండ్రా? మీరు తెలుగు చదివిండ్రు. నేనైనా గట్లనే తిప్పుత. ఉర్దూ పుస్తకం కుడినుంచి మొదలైతది. దాన్ని ముందుకు పోనియ్యాలంటే ఎడమ ఆకు ఎత్తి కుడికెయ్యాలె. మీరిప్పుడు ముందుకు పోయినమనుకొని వెనక్కి పోయిండ్రు. పదకొండూ ఇరవైఆరు నుంచి ఈ కెమెరా నొక్కినోడు గూడ గదే చేసిండు. వానికి ఉర్దూ అక్షరం ముక్క రాదు."

శ్రీహరి తన చేతిని తానే చూసుకున్నాడు.

"అంటే మాస్టరు పోయింది పదకొండూ పద్నాలుగుకు, ఇరవైఆరుకు నడుమ" అన్నాడు చివరికి. గొంతులో పొగరు తగ్గింది.

"అప్పుడు చిన్నరాములు రియాక్టర్ కాడ ఉన్నడు. కార్డు తెప్పించి చూడండి."

శ్రీహరి పంచనామాలో ఒక వాక్యం కొట్టేసి, సంతకం పెట్టి, మళ్ళీ రాశాడు. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకున్న పద్ధతి అదొక్కటే కాబోలు. "సరే. కానీ చంపినోడు పారిపోక ఫోటోలు తీసుకుంట కూసునుడేంది? పిచ్చోడా?"

"పిచ్చోడు కాదు సార్. పన్నెండింటి దాకా మాస్టరు బతికే ఉన్నట్టు మనకు చూపెట్టిండు. పన్నెండు దాటినంక తాను పదిమందిల కనపడితే సరిపోతది."

"అదొక్కటే కాదు" అంది పరదా వెనక రహీమున్నీసా. "నా కోసం కూడా తీసిండు."

ఇద్దరూ అటు తిరిగారు.

"పని చేసేటప్పుడు సాబ్ మాట్లాడడు. మాట్లాడితే చెయ్యి కదుల్తది, ఫోటో మసకైతది. కెమెరా చప్పుడు వినపడినంతసేపు నేను ఈ గదిలకు రాను. ఆగితేనే వస్త. నిన్న ఏదో పడ్డట్టయింది. పుస్తకాలు పడ్తనే ఉంటయ్, పట్టించుకోలే. కొంచెంసేపు చప్పుడు రాలేదు. లేద్దామనుకున్న. ఇంతల మళ్ళ టిక్కుమన్నది. సరే, పని నడుస్తున్నది అనుకున్న." ఆమె ఊపిరి తీసుకుంది. "పావుతక్కువ పన్నెండుకు ఛాయ్ తెచ్చి, పరదా సందుల నుంచి చెయ్యి పెట్టి ఆ పీట మీద పెట్టిన. తలుపు మీద రెండుసార్లు కొట్టిన. లోపల నుంచి బల్ల మీద రెండుసార్లు కొట్టిండ్రు. ముట్టింది అని అర్థం. సాబ్ రోజూ గట్లనే కొడ్తడు. కొంచెంసేపటికి చెయ్యి పెట్టి చూస్తే గ్లాసు ఖాళీ ఉంది. తీసుకపోయి కడిగిన. రొట్టెల పనిల పడి చప్పుడు ఎప్పుడు ఆగిందో చూసుకోలే."

ఖమరున్నీసా సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. రహీమున్నీసా ఏడవలేదు.

"నా మొగడు ఈడ సచ్చి పడి ఉన్నడు. నేను ఆయనను సంపినోనికి ఛాయ్ పోసిన. ఆ టిక్కు టిక్కు వినుకుంట రొట్టెలు చేసుకున్న. రాత్రి సంది నాకేం అనిపిస్తలేదు భాయ్ సాబ్. ఇది గుణమా, రోగమా?"

దానికి జవాబు తెలిస్తే కొమురయ్య ముందు తనకే చెప్పుకునేవాడు. అడగాల్సిందే అడిగాడు.

"అమ్మా, జెర యాది చేసుకో. బల్ల మీద రెండుసార్లు కొట్టే సంగతి ఎవరికి తెలుసు?"

"ఈ గదిల కూసొని, సాబ్ పని చేస్తుంటే చూసినోళ్ళకే తెలుస్తది. సాబ్ ఎవ్వరిని కూసోనియ్యడు. చిన్నరాములు బుధవారం కూసున్నడు. ఇంకొకాయన రోజూ వస్తడు, అర్జీలు రాపిచ్చుకోనీకి. పోచయ్య పటేల్."

"పోచయ్య పన్నెండూ పదికి పంచాయతీ ఆఫీసుల..." అని మొదలుపెట్టి శ్రీహరి తనే ఆగిపోయాడు. పంచాయతీ ఆఫీసు ఆ వీధి చివరే. నడిచి వెళ్తే అయిదు నిమిషాలు. ఆయన కుర్చీలోంచి లేచాడు. "కొమురయ్యా, నీకు తెల్వని సంగతొకటుంది. ఆ కంపెనీల లేబర్ కాంట్రాక్టు పోయిన వారం పోచయ్య పేరు మీద అయింది. వెరిఫికేషన్ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. కంపెనీ మీద అర్జీలు పెట్టేటోనికి కంపెనీ కాంట్రాక్టు ఎట్లిచ్చిందా అని అప్పుడే అనుకున్న. అయినా వానికి ఈ గదిల ఏం పని?"

"రిజిస్టర్ సార్" అన్నాడు కొమురయ్య. ట్యాంకర్ల రిజిస్టరు సంగతి మూడు ముక్కల్లో చెప్పాడు. కాంట్రాక్టు రాకముందు తెమ్మన్నదీ పోచయ్యే, వచ్చాక, తెచ్చిన మర్నాడే మాయం చేసిందీ పోచయ్యే. "దాన్ని వెతికినంతసేపు నడుమ నడుమ కెమెరా నొక్కిండు. రిజిస్టర్ దొరికింది, తీసుకపోయిండు. ఇగ ఆ పేజీలు మిగిలింది ఒక్క సీడీలనే. అది చిన్నరాములు దగ్గరుందని వానికి నిన్న తెల్వది."

నిన్న తెలియదు. ఈ రోజు ఒకటీ నలభైకి తెలిసింది. చెప్పింది ఎవరు?

వాచీ చూశాడు. మూడూ అయిదు. అరగంట పని అన్నాడు పోచయ్య. బయటికి వెళ్ళి వీధి రెండువైపులా చూశాడు, బండి లేదు. సెల్‌ఫోను తీసి చీటీ మీది నంబరు నొక్కాడు. తొందరలో ఒకసారి తప్పు నంబరు పడింది. రెండోసారి రాధమ్మ ఎత్తింది.

"అమ్మా, నేను కొమురయ్యను, సత్తెమ్మ కేసు చూస్తున్న. ఆమె ఇంట్ల ఉందా?"

"ఏడుందయ్యా, రెండింటికే పాయె. ఏందో సీడీ దొరికిందని పోచయ్య చేతుల పెట్టింది. ఆయన బండి మీదనే ఎక్కింది."

"ఎటు పోయిండ్రు? రోడ్డు మీదికేనా?"

"రోడ్డు దిక్కు పోలే. వాగు దిక్కు తిప్పిండు. గటు ఎటువోతున్నరే అని నేను గేటు కాడ నిలబడి ఒర్రిన. సత్తెమ్మ ఎనక్కి సూసి చెయ్యి ఊపింది గని బండి ఆగలే. అటు ఏముందయ్యా, ఆ నల్లనీళ్ళ గుంతలు తప్ప?"

కొమురయ్య ఫోను పెట్టేశాడు. భయమేసింది. నాలుగు నెలలుగా ఏదో ఒకటి అనిపిస్తే బాగుండునని అతను అనుకోని రోజు లేదు. ఇప్పుడు అనిపించింది ఇది.

శ్రీహరి అతని ముఖం చూడగానే జీపు దగ్గరికి పరుగెత్తాడు. ఇంజను స్టార్టు చేస్తూ అరిచాడు. "ఏమైంది? ఎవరు పోయిండ్రు వాని ఎంబడి?"

"సత్తెమ్మ. సీడీ వాని చేతికే ఇచ్చింది."

"వానితోని ఆమెను ఏ తలకాయ లేనోడు పంపిండయ్యా?"

కొమురయ్య జీపెక్కి తలుపు లాక్కున్నాడు.

"నేనే సార్" అన్నాడు.